పానశాలయందొక సాయంకాలము

కచుని కథ నెఱుగని తెలుగు గృహిణి యరుదు. మృతసంజీవనీవిద్య కొఱకు వచ్చిన యా శిష్యుని దానవులు చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో గలిపి, గురువగు శుక్రాచార్యునిచేతనే త్రాగించిరి. నిజము తెలిసిన పిమ్మట శుక్రుడు సురాపానమును మహాపాపమని శాసించెను. నన్నయభట్టారకుని యాదిపర్వమున నీ ఘట్టము చదివినప్పుడెల్ల మాకొక తలంపు గలుగును. మద్యమును నిషేధించిన యా శాసనకర్త త్రాగుడెఱుగని తాపసి కాడు. తానే త్రాగి, తానే దుఃఖించినవాడు. పొద్దు గ్రుంకినను కచుడు రాలేదే యని యింటికడ కన్నీరు పెట్టుకొన్నది మాత్రము కూతురు దేవయాని.

నాటినుండియు పానశాలను గూర్చి శాసించినవారు పురుషులు. అందు గూర్చుండువారును పురుషులు. అది మూయుదాక దీపము తగ్గించుకొని మెలకువగా నుండువారు స్త్రీలు. లోపల నేమి జరుగునో కన్నులార చూచి వ్రాసిన స్త్రీలు మిక్కిలి తక్కువ. మేమును వ్రాయదలచి వెళ్లినవారము కాము. ఒక పనిమీద వెళ్లితిమి. చూచినది చూచినట్లు సోదరీమణులకు దెలుపుట మేలని తోచి వ్రాయుచున్నాము.

మా యక్కగారు గిద్దలూరున నుందురు. వారి కుమార్తె బెంగుళూరున కంప్యూటరు కంపెనీలో నుద్యోగము చేయుచున్నది. మా పడమటి ప్రకాశమువారికి బెంగుళూరు పరదేశము కాదు. గుంటూరు–గుంతకల్లు రైలుమార్గమున మార్కాపురమురోడ్డులోనో, కంభములోనో, గిద్దలూరులోనో రాత్రి బండి యెక్కినచో మఱునాడచట నుందుము. వానలు లేని యేండ్లలో కూలికై పోయినవారును, చదువులు ముగించి కొలువులకై పోయినవారును ఆ మార్గముననే పోయిరి.

పిల్లకు సంబంధము కుదురుచుండగా, ఆమె శనివారపు సాయంకాలములయందు స్నేహితురాండ్రతో గూడి బీరు కాచు చోటికి పోవుచున్నదని యెవరో వరుని తల్లి చెవిని వేసిరి. ఆ మాట తిరిగి మా యక్కగారిని చేరెను. మా బావగారు పోయి పదునొకండు సంవత్సరములైనది. దేనివలన పోయిరో యా యింట నెవరును పైకి ననరు. అట్టి యింటి తల్లికి బీరను మాట యెట్లు వినబడునో వేఱుగా జెప్పనేల? ఆమె యేడ్వలేదు, పిల్లను తిట్టలేదు. ఫోనులో మాతో, "నువ్వే పోయి చూసిరా. మీ ఆయన్ని కూడా తీసుకుపో. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పు, నన్ను ఓదార్చబాక" అని మాత్రమనిరి. వేసవి సెలవులు గనుక మా వారికిని తీఱిక గలిగెను.

పిల్లతో మేము వచ్చిన కారణము దాచలేదు. దాచిన నొక క్షణములో గనిపెట్టును. ఆమె నవ్వి, "పిన్నీ, నువ్వేం తాగబాక. వచ్చి కూర్చో, చాలు" అనెను.

ఇందిరానగరమున నొక యడ్డవీధిలోనిదా స్థలము. పూర్వమెవరో కాపురమున్న యిల్లు. ముంగిట నొక పెద్ద చెట్టు, దాని క్రింద బల్లలు. లోపలి గది వెనుకగోడ యంతయు నద్దము. ఆ యద్దము వెనుక మనిషికంటె నెత్తైన యుక్కుపాత్రలు వరుసగా నిలిచియుండెను. మేము వెళ్లునప్పటికి సాయంకాల మాఱు గంటలు. ఒక బల్లయొద్ద నలుగురాడుపిల్లలు, మఱియొక బల్లయొద్ద తలనెఱసిన దంపతులు, మూలగా నొక చిన్న సంసారము. ఆ తల్లి తన పసివానికి బంగాళదుంప వేపుడు తినిపించుచుండెను. తండ్రి గ్లాసు పట్టుకొని పిల్లవాని మూతి తుడుచుచుండెను. మేము చీరకొంగు సవరించుకొని లోన నడుగుపెట్టితిమి. ఒక్కరైన తలయెత్తి చూడలేదు. ఇందఱు పురుషులు త్రాగుచున్న చోట నెవరి చూపును మామీద బడకుండ కూర్చుండుట మా జీవితమున నదియే మొదటిసారి.

లోపములు లేవనుకొనవలదు. సంగీతమని చెప్పి వారు వేసిన మ్రోతకు మా వారు చెప్పిన మాట మాకు, మేము చెప్పినది వారికి వినబడలేదు. పీటలు మిక్కిలి యెత్తు; వీపునకానుడు లేదు, కాలికి నేల యందదు. చీర కట్టుకొన్నవారిని మనస్సున నుంచుకొని చేసిన యాసనములు గావవి. మేము నిమ్మరసము దెప్పించుకొంటిమి. దాని వెల వినిన మా వీధికి వచ్చు నిమ్మకాయలమ్మి గంపను నడివీధిలో దింపి కూలబడును.

పిల్ల యచటి వారితో మాట్లాడగా, బీరు కాచు నామె వచ్చి మమ్ము నద్దము వెనుకకు దోడ్కొనిపోయెను. ముప్పది యేండ్లకు లోబడిన కన్నడపు పిల్ల. మోకాళ్లదాక రబ్బరు బూట్లు, తలకు గుడ్డ, చేతులు నీటిలో నాని ముడుతలు పడియుండెను. ఈ చేతులను మేమెఱుగుదుము. పెండ్లివంటల నాడు మన యింటి యాడువారి చేతులవి. "ఈ పనిలో ముప్పాతిక పాత్రలు తోమడమేనట పిన్నీ" అని మా పిల్ల తెలుగున జెప్పెను. తడిచేయి పెట్టిన యావకాయజాడీ యేమగునో మనకు దెలియును గదా, ఇచటను నంతే. కోరని సూక్ష్మజీవి యొకటి చేరిన పాత్రెడును పులిసి పాఱబోయవలసినదే.

ఆమె చూపినదానిలో మాకు క్రొత్తగా దోచినది తక్కువ. చేతిలో పోసిన గింజలను కొఱికి చూచితిమి. మొలకలు గట్టించి యెండబెట్టిన యవలు. పసిబిడ్డల జావకొఱకు మనము రాగులు నానవేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే యెండబెట్టి, దోరగా వేయించి విసరుకొందుము. ఇదియు నదియే. గింజ మొలకెత్తునప్పుడు తనలోని పిండిని తీపిగా మార్చుకొను శక్తి దానికి గలుగును. మొలకరాగుల జావ తియ్యగను పలుచగను నుండుటకు నదియే హేతువు. ఆ యవలను పగులగొట్టి, 65 డిగ్రీల వేడికి కొంచె మటునిటుగా నున్న నీట గంటసేపుంచినచో పిండి తీపియై నీటిలోనికి దిగును. ఆ నీటిని వడకట్టి యొక చిన్న గిన్నెలో మాకిచ్చెను. అది మద్యము గాదు గనుక మేము రుచిచూచితిమి. వెచ్చని పానకము, అడుగున నొక వేపుడు వాసన.

ఆ పానకమును గంటసేపు కాచుచు, హాప్సను తీగకు గాచు పువ్వులను వేయుదురు. వాని చేదు తీపిని విఱుచును, చెడిపోకుండ గాపాడును. చల్లార్చి ఈస్టు చేర్చుదురు. ఈస్టు తీపిని తిని మద్యసారమును బొగ్గుపులుసు వాయువును విడుచును. వారము రెండు వారములు, కొన్ని రకములకు నెలకు పైగా, అది యట్లే యుండును. తుదకు గ్లాసులోనికి వచ్చు బీరున నూటికి సుమారైదు పాళ్లు మద్యసారము. ఇట్టి శాలలకు మైక్రోబ్రూవరీలని పేరు. బెంగుళూరున 2010 ప్రాంతమునుండి యివి వెలసినవి. వీని నియమమేమనగా, తాము కాచినది తమ యింటనే, తమ యెదుటనే గ్లాసులలో పోసి యమ్ముట. లారీలకెక్కించి యూరూరికి పంపు పెద్ద కర్మాగారముల దారి వేఱు.

మా వారు బడిపంతులు గనుక ఊరకుండలేరు. "దీన్నే మా పిల్లలకు కిణ్వనము అని చెప్తాం" అనిరి. ఆ మాట వినగానే మా నాయనగారు మాచేత చదివించిన కౌటిల్యుని యర్థశాస్త్రము జ్ఞప్తికి వచ్చెను. కిణ్వమను మాట యచటనే యున్నది. సురకు జేర్చు పులియబెట్టు మందు. రెండవ యధికరణమున సురాధ్యక్షుని ప్రకరణములో, సురయొక్కయు కిణ్వముయొక్కయు పనిని స్త్రీలును బాలురును చేయవలెనని కౌటిల్యుడు విధించెను. మేదకమను సురకు కొలతలుగూడ నిచ్చెను: ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థలు కిణ్వము. బీరు కాచు పనికిని మన పిండిరుబ్బు పనికిని గల చుట్టఱిక మీ దేశమున నంత పాతది. అన్యదేశములందును నిట్లే. సుమేరుదేశమున సుమారు 3800 సంవత్సరముల క్రిందటి మట్టిపలకలపై బీరు కాచు దేవతగా స్తుతింపబడిన నింకాసి స్త్రీమూర్తి. చేయుచేతులు స్త్రీలవి. త్రాగు శాలలు పురుషులవి యెప్పుడాయెనో యాలోచింపదగినది.

ఆ ప్రకరణముననే పానశాల యెట్లుండవలెనో చెప్పబడినది. అనేకమగు గదులు, వేఱువేఱు శయ్యలు, ఆసనములు, గంధము, పుష్పమాలలు, నీరు, ఏ ఋతువునకైనను సుఖమిచ్చు నేర్పాటు. తన రాబడికి మించి వ్యయముచేయువానిని కనిపెట్టుటకు గూఢచారులు. ఈ కడపటి నియమము నేటికిని పనికివచ్చునదే యని మాకు దోచినది. దాని ప్రక్కనే మఱియొక విధి కలదు. చెడిపోయిన సురను మంచిచోట నమ్మరాదు. దాసులకును కూలివారికిని వేతనముగా నీయవచ్చును, కాదేని పశువులకు, పందులకు పోయవచ్చును. మా నాయనగారు చదివించునప్పుడిది వాక్యమైయుండెను. సంసారమునకు వచ్చి, పలకలగనుల కూలివారి నడుమ కాపురమున్న తరువాత దీని యర్థము బోధపడినది. దానికి ముందు ముందు వత్తుము.

బల్లయొద్దకు మఱలి వచ్చితిమి. పిల్ల తన గ్లాసును రెండు గంటల సేపు త్రాగెను. ఒక్కటే. దాని వెల మూడువందల రూపాయలు దాటెను. మా యూరి కూలిమనిషికి దాదాపొక దినపు కూలి. స్నేహితురాండ్ర నలుగురును లెక్కచీటి చూచి సమముగా బంచుకొనిరి. తొమ్మిదిన్నరకు నలుగురు నొకే కారులో నింటికి జేరిరి. వారి వెనుక మేము. ఇవి మా యక్కగారు మమ్మడుగబోవు ప్రశ్నలు గనుక గుర్తుపెట్టుకొంటిమి.

ఆమె యడుగబోని ప్రశ్నను మేమే యడిగితిమి. మీ యింట జరిగినదెఱిగియు నీకీ చోటికి రాబుద్ధి యెట్లు పుట్టెను? పిల్ల చాలసేపు మాటాడలేదు. తరువాత, "నాన్న తాగుతుంటే నేను ఏనాడూ చూడలేదు పిన్నీ. తలుపేసుకునేవాడు. పొద్దున సీసాలు అమ్మ కొంగుచాటున పెట్టి పారేసేది. ఎంత తాగాడో ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. ఇక్కడ నేను ఎంత తాగానో నాకు తెలుసు, వీళ్ళకు తెలుసు. ఎక్కువైతే వీళ్ళే గ్లాసు లాక్కుంటారు. ఆ అబ్బాయికి నేనే చెప్పాను, వాళ్ళమ్మకు ఎవరో చెప్పకముందే" అనెను.

మేము బీరును పొగడుటకు వ్రాయుటలేదు. మద్యమున నింత త్రాగిన హానిలేదని చెప్పదగిన మితమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. గ్లాసు నగిషీదైనను, కాచినది ముచ్చటైన పిల్లయైనను, అందున్నది అదియే. ఆ మాటయు పిల్లతో నంటిమి, కాదనలేదు. కాని తలుపు వేసికొని త్రాగుటకును, అద్దముగోడ యెదుట నలుగురిలో గూర్చుండి లెక్కచీటితో త్రాగుటకును భేదము లేదనుట మాత్రము మా మనస్సున కొప్పలేదు. మా యక్కగారికి నిట్లే చెప్పితిమి. ఆమె యన్నియు విని, "గోడ అద్దందేనా? బయటినుంచి కనపడుద్దా?" అని రెండుమార్లడిగిరి. కనబడునంటిమి. కొంతసేపటికి, "పెళ్ళివాళ్ళు అడిగితే నేనే చెప్తాలే" అనిరి.

మఱునాడు మఱల ఫోనుచేసి యొక ప్రశ్న వేసిరి. ఆ ప్రశ్నయే లేనిచో నీ వ్యాసము నింతటితో ముగించియుందుము. "మన ఈతవనంలో తాగితే తాగుబోతు. అక్కడ తాగితే సాయంత్రం షికారు. ఈ తేడా ఎవరు పెట్టారే?" అని.

ఈతవనమనగా పట్టణవాసులగు సోదరీమణు లెఱుగకుందురేమో. మా ప్రాంతమున వాగుల వెంట, చెఱువుకట్టల దిగువను ఈతచెట్లు గుంపులుగా బెరుగును. ఈడిగవారు, గౌడులు నడుమునకు మోకు బిగించి యెక్కి, మొవ్వున గీతపెట్టి, ముంత గట్టి వత్తురు. చలికాలము దాని యదను. రాత్రి యూఱిన రసము తెల్లవాఱుజామున దింపునప్పుడు తియ్యని నీరు. ముంతకు లోన సున్నము పూసినచో పులియక నిలుచును, అదియే నీరా. పూయనిచో గాలిలోని యీస్టు తనంత తానే చేరి, గంటలలో నురుగు పుట్టించును. సాయంకాలమునకు మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లు. అనగా బెంగుళూరి గ్లాసులోనిదానికి సమము. మఱునాటికి పులిసి కాడి యగును. కనుక కల్లు సీసాలకెక్కి దేశములు తిరుగజాలదు. దించినచోటనే, దించినవాని చేతనే, ఆనాడే త్రాగవలసినది. తాము కాచినది తమ వాకిటనే పోసి యమ్మవలెనను నియమమును బెంగుళూరి శాలలకు నిబంధనలు విధించినవి; మా యీతచెట్టునకు ప్రకృతియే విధించినది.

పూర్వమా వనమున కూర్చుండినవాడు గీసినవాని పేరెఱుగును. గీసినవాడు త్రాగినవాని యిల్లెఱుగును. దానిని స్వర్గమని చెప్పుటలేదు. అచటనుండియు తూలుచు నిల్లుజేరినవారు గలరు, ఇంటికి వచ్చి కొట్టినవారును గలరు. స్త్రీలకచట కూర్చుండ తావులేదు. ఐనను దాని తరువాత వచ్చినదాని ముందు నది చిన్నది.

రాజాజీగారు 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభించిరి. 1948 నాటికది మదరాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. అప్పుడు కర్నూలుజిల్లాలోనివైన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలలోను కల్లుముంతలు దిగిపోవలసి వచ్చెను. త్రాగుడు మానినవా రెందఱోగాని, చెట్టునే నమ్ముకొన్న కుటుంబములకు బ్రదుకుతెరువు పోయినది నిశ్చయము. కల్లుగీతవారి పక్షమున నిలిచి పోరాడిన నాయకులలో గౌతు లచ్చన్నగారు ముఖ్యులు. 1953లో నాంధ్రరాష్ట్ర మేర్పడి టంగుటూరి ప్రకాశముపంతులుగారు ముఖ్యమంత్రియైనప్పుడు, నిషేధము ఫలింపలేదనియు నెత్తివేయవలెననియు రామమూర్తి సంఘము సూచించెను. పంతులుగారు నిషేధమును వదలలేదు. 1954 నవంబరులో, ఈ విషయముపైననే, శాసనసభలో నొక్క వోటు తేడాతో వారి ప్రభుత్వము పడిపోయెను. చీరాల పేరాల పోరాటమునాటినుండి దేశము కొలిచిన నాయకుడు, ఱొమ్ము చూపి తుపాకుల నెదిరించిన వృద్ధుడు, తుదకు కల్లుముంత తగులగా పదవినుండి దిగిపోయెను. 1970లో మా తాలూకాలు కర్నూలును విడిచి క్రొత్తజిల్లాలో జేరినవి. ఆ జిల్లాకు 1972లో పెట్టిన పేరు వారిదే.

చెట్లు దిగినవారి స్థానమున సారా వచ్చెను. 1980 తరువాతి దశాబ్దమున ప్రభుత్వమే సారాను సంచులలో నింపి గ్రామములకు జేర్చెను. ఆ పథకమునకు వారుణివాహిని యని పేరు. పాలసముద్రమును మథించినప్పుడు పుట్టిన మద్యదేవత వారుణి. ఈ నామకరణము చేసినవా రెవరోగాని పురాణము చదివినవారే. సంచిలోని సారా యెవరు కాచిరో త్రాగువాడెఱుగడు. పాటపాడిన కంట్రాక్టరు త్రాగువాని ముఖమెఱుగడు. బీరుకంటె పలురెట్లు తీక్ష్ణమైనది చౌకగా, అరువునకు, గుడికిని బడికిని సమీపమున దొరకెను. మా వీధిలో పలకల పనికి పోయిన యొక వృద్ధురాలు చెప్పుచుండును: కూలి చేతికిచ్చు చోటికి సారాకొట్టు నూఱడుగులు, ఇల్లు మైలున్నర. వారమంతయు పలకలు చెక్కిన మగని కూలి యా నూఱడుగులలో నైపోవును. కౌటిల్యుని వాక్యము మా కప్పుడు బోధపడినది.

1992లో మా పొరుగుననున్న నెల్లూరుజిల్లా దూబగుంటలో జరిగినది సోదరీమణు లెఱుగుదురు. రాత్రిబడులలో నక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, సారావలన చెడిన సంసారముల కథలే పాఠములుగా చదివి, పలకలు ప్రక్కనబెట్టి లేచి సారాకొట్టు మూయించిరి. రోశమ్మగారి పేరు దేశమంతటను వినబడెను. సారా వేలముపాటలను స్త్రీలడ్డుకొనిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును దెచ్చెను. 1997లో నది సడలింపబడెను. తరువాతి చరిత్ర సీసాలది. 2019లో దుకాణములు ప్రభుత్వముచేతికి వచ్చినవి, 2024లో మఱల వర్తకులకు పోయినవి. దుకాణము ముందరి కమ్ముల కిటికీలో చేయిపెట్టి డబ్బిచ్చి, సీసా దీసికొని, గోడచాటునకో చీకటికో పోవుట మాత్రము మాఱలేదు. మా బావగారు పోయినదా దారినే.

కల్లుగూడ చెట్టును విడిచి పట్టణపు దుకాణములకు జేరిన పిదప కల్లుగా మిగులలేదు. చెట్లు చాలనిచోట మత్తుమందులు కలుపుట మొదలయ్యెను. 2025 జూలైలో హైదరాబాదునందలి కూకటపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

కనుక మా యక్కగారి ప్రశ్నకు మే మిచ్చిన యుత్తరమిది. తేడా పెట్టినది మొదట ధనము. మూడువందల రూపాయలు పోసి యొక్క గ్లాసు త్రాగువానికి చెట్టునీడ, అద్దముగోడ, శుభ్రమైన పాత్ర లభించును. కూలివానికి కమ్ముల కిటికీ. రెండవది, కన్ను. గీసినవాడు, పోసినవాడు, లెక్క వ్రాసినవాడు, ప్రక్కన గూర్చున్నవాడు ఎదుట నున్నప్పుడు త్రాగువాడు కొంత భయపడును. ఇంటి స్త్రీ యా బల్లయొద్దనే కూర్చుండగలిగినచో మఱికొంత. పేదవాని పానశాలనుండి యీ కన్నులన్నిటిని తీసివేసి, తరువాత వానిని తాగుబోతనిరి. మా యక్కగారు విని, "నువ్వు పుస్తకంలా మాట్లాడతావు గానీ, మాట నిజమే" అనిరి.

సంబంధము నిలిచినది. వరుని తల్లి యడిగినదట, మా యక్కగారు చెప్పిరట. లోపల నేమి మాట జరిగెనో మాకు జెప్పలేదు. సంక్రాంతికి పిల్ల గిద్దలూరు వచ్చెను. మేమును వెళ్లితిమి. భోగినాటికి ముందుదినము చీకటితోనే లేచి, "పిన్నీ, ఈతవనానికి పోదాం. అమ్మ కూడా వస్తానంది" అనెను. మా యక్కగారు శాలువ కప్పుకొని సిద్ధముగా నుండిరి. ఏబదియాఱేండ్ల వయస్సున, తా నంతవరకు ప్రక్కదారిన తప్పించుకొని పోయిన వనమునకు మొదటిసారి నడచిరి.

ఆ వనమున నిపుడు పది పండ్రెండు చెట్లు మించి గీతపెట్టుట లేదు. గీయువాడొక్కడే, అఱువది దాటినవాడు. వాని కుమారు లిద్దఱును హైదరాబాదున కార్లు నడుపుచున్నారు, చెట్టెక్కరు. పిల్ల ముందునాడే చెప్పిపంపగా రెండు ముంతలకు సున్నము పూసి కట్టియుంచెను. మమ్ము ముగ్గురాడువారిని చూచి మొదట కొంత తడబడి, తువ్వాలుతో నొక రాతిపలకను తుడిచి కూర్చుండుమనెను. వడగట్టి స్టీలు గ్లాసులలో పోసెను. చల్లగా, తియ్యగా, సున్నపు వాసన సన్నగా తగులుచు నుండెను. మా యక్కగారు సగము త్రాగి, గ్లాసు నటునిటు త్రిప్పి చూచి, మిగిలినదియు త్రాగిరి.

పిల్ల వానికి బెంగుళూరి సంగతి చెప్పుచుండెను: అద్దముగోడ, ఉక్కుపాత్రలు, చేదుపువ్వులు. వాడు మోకు సవరించుకొనుచు వినెను. "దాన్ని గ్లాసు ఎంతకు అమ్ముతారు పాపా?" అని యడిగెను. పిల్ల చెప్పెను. వాడు నమ్మక మావంక జూచెను. నిజమే యంటిమి. "మరి అది కాసేవాడు చెట్టెక్కాల్నా?" అనెను. అక్కఱలేదని పిల్ల చెప్పగా, వాడు నవ్వి, మూడు గ్లాసులకు నలుబది రూపాయలు దీసికొని, ప్రక్కచెట్టున కెక్కెను.